మూడో ఆవేశం

పారిస్, 1785. గాజు పాత్రలో సన్నటి వెండి తీగకు అడ్డంగా వేలాడుతున్న సూది ఊగడం ఆగింది. ఇక చార్లెస్ అగస్టిన్ కూలుంబ్ చేతిలో ఉన్నది రెండు నిమిషాలే.

సూదికి ఒక కొసన బెండు బంతి. వ్యాసం అయిదారు మిల్లీమీటర్లు. దాన్ని ఆనుకుని, పైనుంచి దించిన లక్క పుల్ల చివర, అదే సైజులో మరో బెండు బంతి. మొదటిది కదులుతుంది, రెండోది కదలదు. కూలుంబ్ చేతిలో ఒక లక్క కడ్డీ, దాని కొసకు గుచ్చిన పెద్ద తల గుండుసూది. ఆ తలకు విద్యుదావేశం ఎక్కించి, మూతలోని కన్నం గుండా జాగ్రత్తగా లోపలికి దించాడు. బంతులకు ఒక్కసారి తాకించాడు. తీసేశాడు.

రెండు బంతులకూ ఒకే జాతి ఆవేశం అంటింది. ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వేలాడే బంతి దూరం జరిగి, అటూ ఇటూ ఊగి, పాత్ర చుట్టూ అంటించిన కొలత పట్టీ మీద 36వ డిగ్రీ దగ్గర నిలబడింది.

ఆలోచించే వ్యవధి లేదు. ఆవేశం నిలవ ఉండేది కాదు. గాలిలోకి, లక్క పుల్ల మీదుగా, కంటికి కనపడకుండా జారిపోతూనే ఉంటుంది. ఆ రోజు ఉన్న వాతావరణంలో మూడు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున బంతులు మళ్లీ దగ్గరవుతున్నాయని కూలుంబ్ గమనించాడు. ఆలస్యం చేస్తే కొలిచేది అసలు బలాన్ని కాదు, కారిపోగా మిగిలినదాన్ని.

గాజు గొట్టం నెత్తిన, తీగ పైకొసను పట్టుకుని ఒక బొడిపె ఉంది. దాని చుట్టూ డిగ్రీల గీతలు. ఆ బొడిపెను 126 డిగ్రీలు తిప్పాడు. తీగ మెలిపడి, వేలాడే బంతిని కదలని బంతి వైపు నెట్టింది. ఈసారి బంతి ఆగింది 18 డిగ్రీల దగ్గర. ఇంకా తిప్పాడు. సున్నా నుంచి లెక్కపెడితే 567 డిగ్రీలు, అంటే ఒకటిన్నర చుట్టుకు పైనే. బంతి ఎనిమిదిన్నర డిగ్రీల దాకా వచ్చి, ఇక రానని మొండికేసింది.

రెండు నిమిషాలు, మూడు కొలతలు. ప్రపంచమంతా ఇవాళ బడిలో చదువుకునే నియమానికి వికర్షణ వైపు నుంచి కూలుంబ్ అచ్చులో చూపించిన సాక్ష్యం ఇంతే.

ఆ మూడు అంకెల్లో ఏముందో చూడండి. తీగకు పడిన మొత్తం మెలి ఎంతో తెలిస్తే బంతుల మధ్య తోపుడు ఎంతో తెలుస్తుంది. తీగ మెలి ఎంత పెరిగితే అది ఎదురు తిప్పే బలమూ అంతే పెరుగుతుందని అంతకు ముందు ఏడాదే, 1784లో, ఆయన ఒక పత్రంలో నిరూపించి ఉన్నాడు. మొదటిసారి మెలి 36 డిగ్రీలు. రెండోసారి పైన తిప్పిన 126కు కింద బంతి జరిగిన 18 కలిపితే 144. మూడోసారి 567కు ఎనిమిదిన్నర కలిపితే 575న్నర. ఆ నియమం ప్రకారం దూరం సగమైతే బలం నాలుగింతలు కావాలి: 36ను నాలుగుతో గుణిస్తే సరిగ్గా 144. దూరం పావైతే బలం పదహారింతలు, అంటే 576 కావాలి. వచ్చింది 575న్నర. 36లో పావు తొమ్మిది కదా, బంతి ఎనిమిదిన్నర దగ్గర ఎందుకు ఆగింది? ఆ అర డిగ్రీ తేడాను కూలుంబ్ దాచలేదు. ప్రయోగం జరుగుతుండగా కారిపోయిన ఆవేశం లెక్క అది అని రాశాడు.

ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? ప్రయోగశాలలో పెరిగినవాడు కాదు. 1736 జూన్ 14న ఫ్రాన్స్‌లోని అంగులేమ్‌లో పుట్టాడు. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ కళాశాలలో చదివి 1761లో బయటికొచ్చాడు. 1764 నుంచి 1772 దాకా కరీబియన్ దీవి మార్టినిక్‌లో ఫోర్ట్ బర్బన్ కోట కట్టించే పని. ఆ కోట ఇప్పటికీ ఉంది, పేరు మాత్రం ఫోర్ట్ దెసే. ఆ దీవి జ్వరాలు ఆయన ఒంటిని పీల్చేశాయి. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. రాయి ఎంత బరువును ఓర్చుకుంటుంది, మట్టి ఎప్పుడు జారుతుంది, గోడ ఎక్కడ పగులుతుంది అన్న ప్రశ్నల మధ్య ఎనిమిదేళ్లు గడిపి, ఆ అనుభవమంతా 1773లో ఒక పత్రంగా రాశాడు. నేల మీద కట్టడాల గురించి నేటి సివిల్ ఇంజనీర్లు వాడే కొన్ని మూలసూత్రాలు ఆ పత్రంలోవే.

1783లో బ్రిటనీ ప్రాంతపు కాలువల ప్రాజెక్టు మీద నివేదిక ఇమ్మన్నారు. చూసి వచ్చి, లాభం లేదని రాశాడు. పైవాళ్లకు ఆ మాట రుచించలేదు. ఆ నవంబరులో వారం రోజులు పారిస్‌లోని అబ్బే జైల్లో ఉంచారు. బయటికొచ్చి, మళ్లీ పరిశీలించి, మళ్లీ అదే మాట రాశాడు. చివరికి ఆయన చెప్పిందే నిజమని బ్రిటనీ పెద్దలు గుర్తించి, బహుమానంగా డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడనీ, సెకండ్ల ముల్లున్న మంచి గడియారం ఒక్కటే పుచ్చుకున్నాడనీ, తర్వాత ప్రయోగాల్లో దాన్నే వాడాడనీ ఆయన జీవితచరిత్రకారులు రాశారు. ఆవేశం కారిపోయేలోగా కొలత ముగించాల్సిన మనిషికి అంతకంటే పనికొచ్చే బహుమానం ఏముంటుంది!

అయితే బెండు బంతుల కథకు అసలు మొదలు బ్రిటనీలో లేదు, పారిస్ అబ్జర్వేటరీలో ఉంది. నాచేత ఈ కథ రాయించిన ఘట్టం అది.

అయస్కాంత సూదిని ఇరుసు మీద నిలబెడితే రాపిడి వల్ల అతి చిన్న కదలికలు దానికి తెలియవు. కూలుంబ్ దాన్ని సన్నటి పట్టుదారానికి వేలాడదీసే పద్ధతి చెప్పి, 1777లో సైన్స్ అకాడమీ బహుమతిని డచ్చి శాస్త్రవేత్త వాన్ స్విండెన్‌తో పంచుకున్నాడు. ఆ పద్ధతిలో చేసిన దిక్సూచిని అబ్జర్వేటరీలో కస్సీని అనే ఆయన పెట్టుకున్నాడు. తరతరాలుగా ఆ అబ్జర్వేటరీని నడిపిన కుటుంబంలో నాలుగో తరం వాడు. భూమి అయస్కాంత దిశలో రోజు రోజుకూ వచ్చే సూక్ష్మమైన తేడాను పట్టుకోవాలని ఆయన కోరిక.

సూది నిలవలేదు. వీధిలో బండి వెళితే కదిలింది, గాలి తగిలితే కదిలింది. వీటిని ఊహించవచ్చు. కొలత చూడటానికి మనిషి దగ్గరికొచ్చినా కదలడమే మింగుడుపడని సంగతి. కొలిచేవాడి బట్టల్లో, ఒంటి మీద చేరిన కొద్దిపాటి ఆవేశం సూదిని లాగుతోందని కూలుంబ్ గుర్తించాడు. పట్టుదారం విద్యుత్తును పోనివ్వదు కాబట్టి సూది మీదికి చేరిన ఆవేశానికి దిగిపోయే దారి లేదు. మందు ఏమిటి? పట్టు తీసేసి లోహపు తీగ కట్టడం. తీగ గుండా ఆవేశం జారిపోతుంది.

లోహపు తీగ కడితే మరో తలనొప్పి. పట్టు మెత్తన, తీగ బిరుసు. మెలి తిప్పితే ఎదురు తిరుగుతుంది. ఎంత ఎదురు తిరుగుతుందో తెలియకుండా దాన్ని దిక్సూచికి కట్టడం కుదరదు. అందుకని తీగల మెలిని కూలుంబ్ కొలవడం మొదలుపెట్టాడు. పొడవు పెరిగితే ఎంత, మందం పెరిగితే ఎంత, ఇత్తడికి ఎంత, ఇనుముకు ఎంత. కొలిచిన కొద్దీ తెలిసింది: ఈ తీగ అడ్డంకి కాదు, అంతవరకు ఎవరి దగ్గరా లేనంత సున్నితమైన త్రాసు. ఒక అయస్కాంత సూదిని పిలవని ఆవేశం చెడగొట్టినందువల్ల, ఆవేశాన్నే తూచగల సాధనం పుట్టింది. దాన్నే ఇంగ్లీషు చదువుల్లో టార్షన్ బ్యాలెన్స్ అంటున్నాం.

ఆ సాధనాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ఫ్రెంచి అంగుళం మన అంగుళం కంటే కొద్దిగా పెద్దది. ఆ కొలతలో పన్నెండు అంగుళాల వ్యాసం, పన్నెండు అంగుళాల ఎత్తు ఉన్న గాజు స్తూపం. మీద గాజు పలక మూత, దానికి రెండు కన్నాలు. నడిమి కన్నం మీద రెండడుగుల గాజు గొట్టం నిలబెట్టి ఉంటుంది. దాని నెత్తిన మెలి బొడిపె. అక్కడి నుంచి వెండి తీగ కిందికి దిగుతుంది, పొడవు 28 అంగుళాలు. దాని అడుగున అడ్డంగా సూది: లక్క మైనం పట్టించిన పట్టుదారమో గడ్డి పుల్లో. ఒక కొసన లక్క పోగుకు బెండు బంతి, రెండో కొసన బరువు సరిచేయడానికి టర్పెంటైన్‌లో తడిపిన చిన్న కాగితం బిళ్ల. ఆ బిళ్లను నిలువుగా పెట్టాడు. సూది ఊగేటప్పుడు అది గాలిని తోసి, ఊపును త్వరగా చల్లారుస్తుంది. రెండు నిమిషాల్లో మూడు కొలతలు తీయడం సాధ్యమైంది ఈ కాగితం ముక్క పుణ్యమా అనే. ఒక ఇంజనీరు బుర్ర ఎలా పనిచేస్తుందో చూపించడానికి నాకు ఈ బిళ్ల చాలు.

గాజు పాత్ర ఎందుకు? గాలి తగలకుండా. మరి మనిషి ఒంటి మీది ఆవేశం? గాజు దాన్ని ఆపదు. రెండు శతాబ్దాల తర్వాత జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పీటర్ హీరింగ్ ఈ త్రాసును తిరిగి తయారుచేసి ప్రయోగం చేశాడు. కూలుంబ్ అంకెలు రాలేదు. 1992లో ఆ సంగతి ప్రచురిస్తే పెద్ద చర్చే లేచింది. త్రాసు దగ్గర నిలబడే మనిషి మీది ఆవేశమే కొలతను చెడగొడుతోందని హీరింగ్ గమనించి, పరికరం చుట్టూ లోహపు వల కట్టాక ఫలితం మెరుగుపడింది. కూలుంబ్ ఆ అంకెలను నిజంగా కొలిచాడా అని కొందరు అనుమానపడ్డారు. 2006లో అల్బెర్టో మార్టినెజ్ మళ్లీ ఆ ప్రయోగం చేశాడు. తీగ సన్నదనం దగ్గర నుంచి పాత పత్రంలోని వివరాలన్నీ వీలైనంత దగ్గరగా పాటించాడు. కూలుంబ్ అంకెలకు చాలా దగ్గరి ఫలితాలే వచ్చాయి. కూలుంబ్ చేతి నేర్పు మీద నాకు గౌరవం పెరిగింది ఇది చదివాకే. అబ్జర్వేటరీలో సూదిని చెడగొట్టినది ఏమిటో తెలిసిన మనిషి తన బంతుల దగ్గర ఎంత జాగ్రత్తగా మసలి ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఆకర్షణ సంగతి వేరు. తోసుకునే బంతులను తీగ మెలితో ఆపవచ్చు. లాక్కునే బంతులు అలా ఆగవు. దూరం తగ్గే కొద్దీ తీగ ఎదురుబలం నిదానంగా పెరుగుతుంది, ఆకర్షణేమో ఉరుకులు పెడుతుంది. ఒక గీత దాటితే బంతులు టక్కున అంటుకుంటాయి, ఆవేశం పోతుంది, ప్రయోగం ఆఖరు. అందుకే 1787లో కూలుంబ్ దారి మార్చాడు. అడుగు వ్యాసమున్న ఆవేశిత గోళాన్ని నిలబెట్టి, దాని ఎదుట చిన్న లక్క సూదిని వేలాడదీశాడు. సూది కొసన బంగారు రేకు కాగితం బిళ్ల. సూదిని కొద్దిగా కదిపి వదిలితే ఊగుతుంది. ఆకర్షణ ఎక్కువైతే త్వరగా, తక్కువైతే నెమ్మదిగా. పదిహేను ఊపులకు ఎంతసేపు? గోళం కేంద్రం నుంచి 9 అంగుళాల దూరంలో 20 సెకన్లు, 18 అంగుళాల దగ్గర 41, 24 అంగుళాల దగ్గర 60. నియమం ప్రకారం రావలసినవి 20, 40, దాదాపు 53. ఇక్కడా ఆవేశం కారిపోవడాన్ని లెక్కలోకి తీసుకుని తేడాను సర్దాడు.

"గోళం కేంద్రం నుంచి" అన్న మాట దగ్గర ఆగండి. ఆవేశం గోళం కేంద్రంలో లేదు. ఉపరితలమంతా పరుచుకుని ఉంది. సూదికి ఎదురుగా ఉన్న ఆవేశం దగ్గర, వెనక వైపు ఉన్నది దూరం. ప్రతి ముక్కా తన వంతు లాగుతుంది, ఒక్కోటి ఒక్కో దిశలో. అన్నీ కూడితే వచ్చే బలం, మొత్తం ఆవేశం కేంద్రంలో ఒకే చుక్కగా ఉంటే ఎంత లాగేదో అంతే. గురుత్వాకర్షణ విషయంలో న్యూటన్ ఈ కూడికను 1687 నాటి ప్రిన్సిపియాలోనే చేసి చూపించాడు. కూలుంబ్ దాన్ని తీసుకుని వాడుకున్నాడు. అంటే రెండు ఆవేశాల నియమాన్ని నిలబెట్టే ప్రయోగంలోనే, లెక్కలేనన్ని ఆవేశాల బలాలను కూడటం చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్నది ఉంది. మన ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు కూలుంబ్ నియమం నేర్చుకున్న వెంటనే త్రిభుజం మూలల్లో మూడు ఆవేశాలు పెట్టి ఫలిత బలం కట్టమనే లెక్క చేస్తారు. రెంటి నుంచి మూడుకు వెళ్లడం వట్టి గణితమని, సైన్ కాస్ సరిగా వేస్తే చాలని వాళ్లకు అనిపిస్తుంది. అది గణితం కాదు. ప్రకృతి మనకు చేసిన ఉపకారం.

కాగితం మీద ఒక చుక్క పెట్టండి. అక్కడ 2 మైక్రోకూలుంబ్‌ల ధనావేశం. దానికి తూర్పున 30 సెంటీమీటర్ల దూరంలో 3 మైక్రోకూలుంబ్‌ల ధనావేశం. ఉత్తరాన 40 సెంటీమీటర్ల దూరంలో 4 మైక్రోకూలుంబ్‌ల రుణావేశం. మొదటి చుక్క మీద బలం ఎంత? తూర్పుది సజాతి, పడమటికి తోస్తుంది. ఆవేశాలను గుణించి, దూరం వర్గంతో భాగించి, 9 తర్వాత తొమ్మిది సున్నాలున్న స్థిరాంకంతో గుణిస్తే 0.6 న్యూటన్లు. ఉత్తరానిది విజాతి, తన వైపుకు లాగుతుంది: 0.45 న్యూటన్లు. రెంటినీ మామూలుగా కూడి 1.05 అని రాసేవాళ్లుంటారు. అది తప్పు. ఒకటి పడమరకు, ఒకటి ఉత్తరానికి. లంబంగా ఉన్న రెండు బలాలకు పైథాగరస్ సిద్ధాంతం వేస్తే 0.36కు 0.2025 కలిపి 0.5625, దాని వర్గమూలం 0.75 న్యూటన్లు. దిశ పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 37 డిగ్రీలు.

ఈ లెక్కలో మనం ఎవరినీ అడగకుండా ఒక నమ్మకం పెట్టుకున్నాం. ఉత్తరాన రుణావేశం వచ్చి కూర్చున్నాక కూడా తూర్పు ఆవేశం తోపుడు 0.6 న్యూటన్లే అని. ఎందుకు అంతే ఉండాలి? మూడోది వచ్చినందువల్ల మొదటి రెంటి మధ్య బలం తగ్గవచ్చు కదా, పెరగవచ్చు కదా? అలా జరగదని ఏ తర్కమూ నిరూపించలేదు. కొలిచి చూస్తే జరగడం లేదు, అంతే. నాలుగోది పెట్టండి, నలభయ్యోది పెట్టండి. ప్రతి జంట మధ్య బలం మిగతావాటితో నిమిత్తం లేకుండా అదే. ప్రతి ఆవేశం తన వంతు తాను చెల్లిస్తుంది, ఇంకొకదాని వంతులో వేలు పెట్టదు. దీన్నే అధ్యారోపణ సూత్రం అంటారు.

అన్ని బలాలూ ఇంత మర్యాదగా ఉండవు. పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లను, న్యూట్రాన్లను పట్టి ఉంచే బలాన్ని జంటలు జంటలుగా లెక్కగట్టి కూడితే, ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లున్న ట్రిటియం కేంద్రకానికి ఉండవలసినంత బంధనశక్తి రాదు. ముగ్గురు కలిసినప్పుడు మాత్రమే పుట్టే అదనపు బలాన్ని భౌతిక శాస్త్రవేత్తలు విడిగా చేర్చవలసి వస్తోంది. విద్యుత్తు కూడా అలా ఉండి ఉంటే, ఇద్దరి నియమం తెలిసినా ముగ్గురి సంగతి తెలిసేది కాదు. ముగ్గురికి ఒక ప్రయోగం, నలుగురికి ఇంకో ప్రయోగం. ఉప్పు రవ్వలో కోటానుకోట్ల అయాన్లున్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చుక్కలకు బదులు లోహపు గోళాలు పెడితే మూడో గోళం రాగానే మొదటి రెంటి మధ్య బలం మారినట్టు కనిపిస్తుంది. నియమం మారలేదు. గోళాల మీద ఆవేశం కదలగలదు కాబట్టి, కొత్తగా వచ్చినదాన్ని చూసి ఒక వైపుకు సర్దుకుంటుంది. అడ్రసు మారిన ఆవేశానికి దూరమూ మారుతుంది. మరి ఏ ముక్క ఎక్కడికి సర్దుకుందో తెలిసేదెలా?

కూలుంబ్ ఆ తర్వాతి ఏళ్లు ఈ ప్రశ్నకే పెట్టాడు. 1785 నుంచి 1791 దాకా విద్యుత్తు, అయస్కాంతత్వం మీద ఏడు పత్రాలు రాశాడు. లక్క పుల్ల కొసకు చిన్న బంగారు రేకు కాగితం బిళ్ల అతికించి, గోళం మీద కావలసిన చోట దాన్ని ఆనించి, ఎత్తి, త్రాసులోకి తీసుకెళ్లాడు. ఆ చోట ఎంత ఆవేశం పేరుకుందో అంత మోసుకొస్తుంది ఆ బిళ్ల. ఒకదాన్నొకటి తాకుతున్న రెండు గోళాల మీద ఒక్కో చోటా ఇలా తాకి చూశాడు. అవి తాకిన బిందువు దగ్గర ఆవేశం లేనట్టే. అవతలి కొసన నిండుగా. ఒకే సైజు గోళాలను వరుసగా పేర్చి, 24 దాకా పెంచి చూశాడు. చివరి గోళాల మీద ఎక్కువ, మధ్యవాటి మీద తక్కువ. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుని వీలైనంత దూరం పోతాయి కాబట్టి అలా ఉండటం సబబే. కానీ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ? అంకెలు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ అంకెలే ఎందుకు రావాలో పూర్తిగా కట్టి చూపగల గణితం ఇంకా పుట్టలేదు.

అంతలో విప్లవం వచ్చిపడింది. 1793 ఆగస్టు 8న సైన్స్ అకాడమీని రద్దు చేశారు. ఆ డిసెంబరులో తూనికలు, కొలతల సంఘం నుంచి లవోయిజియర్, లాప్లాస్‌లతో పాటు కూలుంబ్‌నూ తొలగించారు. 1794 మే 8న లవోయిజియర్ తల తెగింది. కూలుంబ్ బ్లువా దగ్గరి తన ఇంటికి వెళ్లి తలదాచుకున్నాడు. 1795లో కొత్త విద్వత్సంస్థ ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యుడిగా తిరిగొచ్చాడు. 1806 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయేనాటికి సిమియాన్ డెనిస్ పాయిజాన్‌కు పాతికేళ్లు. ఇంట్లోవాళ్లు మొదట వైద్యం నేర్చుకోమని శస్త్రచికిత్స చేసే బంధువు దగ్గర పెడితే, చేతులు కుదురుగా పనిచేయక అది వదిలేసిన కుర్రవాడు. గణితంలోకి వచ్చాక లాప్లాస్, లగ్రాంజ్‌లే ముచ్చటపడ్డారు. గుండుసూదితో బెండు బంతిని తాకించే పని ఆయన వల్ల అయ్యేది కాదు. కాగితం మీద మాత్రం కూలుంబ్ ఆగిన చోటు నుంచి మొదలుపెట్టాడు.

లోహంలో ఆవేశం స్వేచ్ఛగా కదులుతుంది. కదలడం ఆగిపోయిందంటే అర్థం, లోపల ఏ బిందువు తీసుకున్నా దాని మీద అన్ని వైపుల నుంచి పడే బలాల మొత్తం సున్నా అయిందని. సున్నా కాకపోతే ఇంకా కదిలేది కదా. కాబట్టి ప్రశ్నను తిరగేశాడు. ఉపరితలం మీద ఆవేశం ఏ తీరున పరుచుకుంటే, లోపలి ప్రతి బిందువు దగ్గరా కూలుంబ్ బలాలన్నీ కలిసి సున్నా అవుతాయి? ఒక గోళానికి జవాబు తేలిక, సమానంగా పరుచుకుంటే చాలు. తాకుతున్న రెండు గోళాలకు అది భయంకరమైన లెక్క. రెండు ఉపరితలాల మీది ప్రతి ముక్క, రెండు గోళాల లోపలి ప్రతి బిందువునూ తోస్తుంది. అన్నీ ఒకేసారి సున్నా కావాలి. 1812లో పాయిజాన్ దాన్ని సాధించి ఇన్‌స్టిట్యూట్ ముందు చదివాడు.

తన లెక్కను సరిచూసుకోవడానికి కొత్తగా ప్రయోగం చేయించుకోలేదు. ఆరేళ్ల కిందట చనిపోయిన మనిషి పాతికేళ్ల కిందట బంగారు రేకు బిళ్లతో తాకి తెచ్చిన అంకెలు తీసుకుని తన జవాబుల పక్కన పెట్టాడు. తాకిన బిందువు దగ్గర సున్నా అని లెక్క చెప్పింది. లేనట్టే అని కూలుంబ్ రాసి ఉన్నాడు. చిన్న గోళం, పెద్ద గోళం తాకినప్పుడు ఆవేశం దేని మీద ఎంత దట్టంగా ఉంటుందన్న చోటా రెండూ చాలా దగ్గరగా వచ్చాయి. రెండు నిమిషాల్లో మూడు కొలతలతో నిలబెట్టిన నియమానికి ఇంతకంటే గట్టి పరీక్ష అంతకు ముందు జరగలేదు. నియమంలో తేడా ఉన్నా, కూడిక న్యాయంలో తేడా ఉన్నా, అన్ని ముక్కల బలాలు కూడాక వచ్చే జవాబు కొలతకు ఆమడ దూరంలో పడేది.

ఇంగ్లండులో కావెండిష్ 1770ల్లోనే మరో దారిలో ఈ నియమాన్ని పట్టుకున్నాడు. స్కాట్లాండులో రాబిసన్ అంతకన్నా ముందే కొలిచాడు. కావెండిష్ కాగితాలను మాక్స్‌వెల్ 1879లో అచ్చు వేయించేదాకా లోకానికి పూర్తిగా తెలియలేదు. పేరు కూలుంబ్‌కు దక్కింది, 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో ఆవేశానికి ప్రమాణంగా కూడా ఆ పేరే పెట్టారు. అది న్యాయమే అంటాను. ఆయన కొలిచి దాచుకోలేదు. తన తరువాతివాడు లెక్కగట్టి సరిచూసుకోగలిగేలా, తేడాలతో సహా అచ్చు వేశాడు.

1813లో పాయిజాన్ ఆవేశాల కూడికనంతటినీ ఒక చిన్న సమీకరణంలోకి కుదించాడు. ఆవేశం ఎక్కడెక్కడ ఎంత ఉందో చెబితే, ఏ చోట ఏ బలం ఉంటుందో కట్టడానికి అది దారి చూపుతుంది. మన ఫోన్లలోని చిప్పుల్లో ట్రాన్సిస్టర్‌ను డిజైన్ చేసేటప్పుడు, హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా, ఇంజనీర్లు కంప్యూటర్ చేత ముందుగా సాధించేది ఆ సమీకరణాన్నే.